తిప్పేసిన పేజీలు

కామేశం ఏడ్చిన చోటే నలుగురూ ఏడ్చారు. ఏడవడం కూడా అచ్చం అతనిలాగే ఏడ్చారు. ముందు గొంతు సవరించుకున్నారు. తర్వాత, కళ్ళజోడు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా, ముక్కు మీద జారుతున్న జోడును పైకి నెట్టుకున్నట్టు చూపుడువేలు ఎత్తారు. ఆ తర్వాత ఎడమ చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకున్నారు. అద్దం ఇవతల నిలబడి చూస్తున్న డాక్టర్ వకుళకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది. కళ్ళజోడును అలా నెట్టుకునే మనిషి ఆ గదిలో లేడు. అతను ఆమె భర్త కామేశం. ఆ సమయానికి ఇంట్లో కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద ఉంది ఆ ప్రయోగశాల. వకుళ అక్కడ ఏళ్ళ తరబడి తయారుచేసిన వస్తువు చూడ్డానికి తలనొప్పికి కట్టుకునే గుడ్డలా ఉంటుంది. పేరు చదువుపట్టీ. ఒకరు దాన్ని కట్టుకుని పుస్తకం చదివితే ఆ చదువంతా అందులోకి ఎక్కుతుంది. ఎక్కేది అక్షరాలు కావు. ఎక్కడ ఆగారు, ఎక్కడ మనసు చివుక్కుమంది, ఎవరి మీద కోపం వచ్చింది, ఏది చదివి రెండు నిమిషాలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు, అవన్నీ ఎక్కుతాయి. అదే పట్టీ ఇంకొకరి తలకు కడితే, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల వాళ్ళు కూడా ఆ పుస్తకం చదివినవాళ్ళయిపోతారు.

"ఏటమ్మా ఇది!" అన్నాడు సన్యాసిరావు పట్టీ విప్పి ముక్కు చీదుకుంటూ. తీరం వెంట ఉన్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో అతను షెడ్డు మేనేజరు. "నా బతుకులో పెళ్ళి శుభలేఖ తప్పించి ఇంకోటి చదివినోణ్ణి కాదు. ఆ సాల చెట్లు, ఆ గోడల మీద బొమ్మలు... ఆ మనుషులు అంత మర్యాదస్తులా మేడమ్? మనం ఏటి చేసీసేం!"

చేసిందేమిటో వకుళకు తెలుసు. ఆ షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళలో సగం మంది ఒడిశా మయూర్‌భంజ్ నుంచి వచ్చిన సంతాల్ తెగవాళ్ళు. పోయిన పండగకు వాళ్ళు క్వార్టర్స్ గోడలను ఎర్రమట్టితో అలికి, వాటి మీద నెమళ్ళనూ లతలనూ వేసుకున్నారు. గోడలు పాడుచేశారని సన్యాసిరావు సున్నం కొట్టించాడు. మర్నాడు ఒక్కరూ పనిలోకి రాలేదు. ఐసు కరిగింది, సరుకు కుళ్ళింది, కంపెనీ యజమానులకు జ్ఞానోదయమైంది. ప్రయోగశాల డైరెక్టరు హేమచంద్ర ఈ అవకాశాన్ని చటుక్కున అందుకుని, షెడ్డును నడిపే నలుగురినీ పట్టీల కోసం పిలిపించాడు. 'అందరినీ కలుపుకుపోయే నాయకత్వం, అరగంటలో' అని ఆయన అప్పటికే పట్టీ పెట్టెల అట్ట మీద అచ్చు వేయించేశాడు.

పుస్తకాన్ని ఎంచింది కామేశం. ఒక సంతాల్ కుటుంబం కథ అది, ఒడియా నుంచి తెలుగులోకి వచ్చిన లావుపాటి నవల. చదివింది కూడా కామేశమే. వకుళ చాలామంది తలలకు పట్టీ కట్టి చూసింది. ప్రొఫెసర్లు చదివితే చదువు పొడిపొడిగా ఎక్కింది. విమర్శకుడొకాయన చదివితే చదివినంతసేపూ ఆయన గొంతే ఎక్కింది. చివరికి, ఇంట్లో దీపం ఉండగా నిప్పుకోసం ఊరంతా తిరగడమెందుకని మొగుడి తలకే కట్టింది.

కామేశం కాలేజీలో తెలుగు చెప్పి స్వచ్ఛందంగా మానేసిన మనిషి. వంటా అతనిదే, చదువూ అతనిదే. పొద్దున్న బాల్కనీలో కూర్చుని పైకి చదువుతాడు, వకుళ టిఫిను తింటూ వింటుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో అదే ఆనవాయితీ. చదువుతూ పాత్రలతో పోట్లాడతాడు. "ఒరేయ్ వెర్రివాడా, ఆ భూమి కాగితం మీద వేలిముద్ర వెయ్యకురా!" అని పుస్తకం మీదికి అరుస్తాడు. పక్కింటివాళ్ళు మొదట్లో కంగారుపడేవారు, తర్వాత అలవాటుపడ్డారు. పేజీ తిప్పాలంటే బొటనవేలు నాలికకు అద్దుకుంటాడు. ఆ అలవాటు మానమని వకుళ చెప్పీ చెప్పీ విసిగిపోయి, పెళ్ళయిన మూడో ఏట ఊరుకుంది.

వాళ్ళకు ఒక కొడుకు ఉండేవాడు. శ్రీవత్స. ఆరో ఏట డెంగీ జ్వరం వచ్చి పోయాడు. ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకున్నదీ లేదు, ఒట్టు పెట్టుకున్నదీ లేదు. పొద్దున్న చదువు మాత్రం ఆగలేదు. అదొక్కటే వాళ్ళిద్దరినీ ఒకే బాల్కనీలో కూర్చోబెడుతూ వచ్చింది.

*

పట్టీ పనిచేసింది. పనిచేసిందనడం కూడా చిన్నమాటే. సన్యాసిరావు వెళ్ళి సున్నం గోడల ముందు నిలబడి, అందరి ఎదుటా, "తప్పయిపోయింది తల్లుల్లారా" అన్నాడు. సొంత డబ్బుతో ఎర్రమట్టి తోలించాడు. సూపర్వైజరు నూకరత్నం అంతకుముందు ఆ ఆడవాళ్ళను "ఓసే" అని తప్ప పిలిచేది కాదు. ఇప్పుడు వాళ్ళ పక్కన పీట వేసుకుని మధ్యాహ్నం అన్నం తింటోంది. మిగతా ఇద్దరూ అంతే. షెడ్డులో పాటలు వినిపించసాగాయి. ఒప్పందం సిద్ధమైంది. తీరం పొడవునా ఉన్న షెడ్లన్నిటికీ పట్టీలు, ఆ తర్వాత ఇటుక బట్టీలకు, ఆ తర్వాత ఆసుపత్రులకు. వకుళ సంతకం ఒక్కటే మిగిలింది.

సంతకానికి ముందు చివరి పరిశీలన కోసం ఆమె షెడ్డుకు వెళ్ళింది. సన్యాసిరావు గదిలో ఓ మూల కూర్చుని, అతను పనివాళ్ళతో మాట్లాడే తీరును తన చేతిలోని ఎలక్ట్రానిక్ పలకలోకి ఎక్కిస్తోంది. మధ్యాహ్నం పూట దులారి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, నెత్తిన నీలం టోపీ. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రా దులారీ, రా అమ్మా! గోడ మీద కొత్త బొమ్మలు చూసేను. ఆ నెమలి నీదేనటగా? పండక్కి ఎడ్లకి కొమ్ములకి నూనె రాస్తారు కదా మీ వేపు?"

"రాస్తాం సార్," అంది దులారి. ఆమె తెలుగు షెడ్డులో నేర్చుకున్నది, ముక్కలు ముక్కలుగా వస్తుంది. "సార్, బిడ్డకి జొరం. నిన్న నుంచి. కళ్ళు తెరవదు."

సన్యాసిరావు ముఖంలో ప్రేమ అలాగే ఉంది. కానీ అతని కుడిచేయి బల్ల మీదనుంచి లేచింది. బొటనవేలు నాలికకు తగిలింది. ఆ వేలు గాల్లో చిన్నగా కదిలింది, ఒకసారి కాదు, గబగబా నాలుగైదుసార్లు.

"అలాగే అమ్మా," అన్నాడు హాయిగా. "అన్నట్టు, మీ పాట ఒకటుంది, వాన మీద. అది పాడితే వినాలని ఉంది నాకు."

దులారి కాసేపు అతన్ని చూసింది. మళ్ళీ చెప్పింది. చేయి మళ్ళీ లేచింది. మూలనున్న వకుళ ఆ చేతిని చూసింది, ఎక్కడో చూసినట్టుందే అనుకుంది. జొరం అన్న మాట ఆమె చెవినా పడింది. పలక మీదికి మరింత వంగి, అక్కరలేని అంకె ఒకటి దిద్దింది. తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే దులారి నూకరత్నంతో ఏదో చెబుతోంది. నూకరత్నం ఆమె భుజం మీద ఒక చేయి వేసి ఆప్యాయంగా నవ్వుతూ, రెండో చేతి బొటనవేలు నాలికకు అద్దుకుంది.

*

మర్నాడు పొద్దున్న నవల పక్కన పెట్టి పేపరు చదువుతున్నాడు కామేశం. వకుళ ఉప్మా తింటోంది.

"వర్షాలు ముదిరాయట. ఏజెన్సీ గ్రామాల్లో విషజ్వరాలు. పసిపిల్లలు..." అని ఆగాడు. బొటనవేలు నాలికకు అద్దుకున్నాడు. రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. "ఆఁ, మనవాళ్ళు మళ్ళీ ఓడిపోయారోయ్. ఆ కుర్రాడికి బంతి వెయ్యడం ఎవరు నేర్పారో గానీ."

వకుళ చేతిలో చెంచా చేతిలోనే ఉండిపోయింది.

"ఏమండీ. ఆ నవల్లో పిల్లకు జ్వరం వచ్చే ఘట్టం ఉందా?"

కామేశం పేపరు దించలేదు. "ఉంది."

"చదివారా?"

"పట్టీ కట్టుకుని చదవమన్నావు, చదివాను కదా."

"అది చదివారా అని అడుగుతున్నాను."

పేపరు మెల్లగా కిందికి దిగింది. "తిప్పేశాను వకుళా. ఆ నవలే కాదు, ఏ పుస్తకమైనా అంతే. పిల్లలకు జ్వరం అనే మాట రాగానే నా చెయ్యి ఆగదు. ఎనిమిదేళ్ళుగా ఇంతే. నీకు తెలుసనుకున్నాను."

తెలుసు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పొద్దున్న చదువులో కథ ఒక్కోసారి ఉన్నట్టుండి ఒక గెంతు గెంతేది. నిన్న ఏడుస్తున్న తల్లి ఇవాళ పొలంలో నాట్లు వేస్తూ ఉండేది. మధ్యలో ఏమయిందని వకుళ ఎన్నడూ అడగలేదు. అడగకపోగా, ఆ గెంతుకు లోపల్లోపల అతనికి దణ్ణం పెట్టుకునేది.

"నలుగురూ మీ చదువే చదివారండీ," అంది లేస్తూ. "నలుగురూ తిప్పేస్తున్నారు. అక్కడ ఒక పిల్ల కళ్ళు తెరవడం లేదు."

చేతులైనా కడుక్కోకుండా బయల్దేరింది. దారిపొడవునా సన్యాసిరావుకు ఫోను చేసి, "దులారి కూతురికి జ్వరం, వెంటనే బండి పంపించండి" అని మొత్తుకుంది. "పంపిస్తాను మేడమ్, తప్పకుండా. అన్నట్టు, ఎర్రమట్టి ఇంకో లోడు చెప్పేను" అన్నాడతను. మనిషి వెటకారం చేయడం లేదు. ఆ మాట అతని లోపలికి వెళ్ళడమే లేదు. తను తయారుచేసిన వస్తువు ఎంత బాగా పనిచేస్తోందో వకుళకు అప్పుడు తెలిసింది.

క్వార్టర్స్‌లో గది తాళం వేసి ఉంది. పక్కగదిలో ఉన్న ఆమె చెప్పింది: తెల్లవారకముందే పిల్లకు ఫిట్సు వచ్చాయి. షెడ్డు ఆడవాళ్ళు తలా కొంత వేసుకుని, ఆటో మాట్లాడుకుని పెద్దాసుపత్రికి ఎత్తుకెళ్ళారు.

*

పిల్ల బతికింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు దులారితోనూ అన్నాడు, వకుళతోనూ అన్నాడు. వార్డు బయట బల్ల మీద దులారి కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. పిల్ల నడిచే ఓపిక రాగానే రైలెక్కి వెళ్ళిపోతానంది.

"సన్యాసిరావుగారు చెడ్డవాడు కాదమ్మా," అంది వకుళ. తన గొంతు తనకే పేలవంగా వినిపించింది.

"మంచోడు. సార్ మంచోడే," అంది దులారి. "ముందు తిట్టేటోడు. తిట్టినా, బిడ్డకి జొరం అంటే, పో పో ఆసుపత్రికి పో అనేటోడు. ఇప్పుడు తిట్టడు. మా పండగ తెలుసు, మా పాట తెలుసు, మా ఎడ్లు తెలుసు. నా బిడ్డ తెల్దు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా బిడ్డ పేరు ఒక్కనాడు అడగలేదు మేడమ్. అన్నీ తెలిసినోడు ఏం అడుగుతాడు?"

వకుళ బల్ల పక్కన నిలబడే ఉంది. "నేనూ ఆ గదిలోనే ఉన్నాను," అంది. "జొరం అన్నావు, విన్నాను. నా తలకు ఏ పట్టీ లేదు. అయినా తల వంచుకున్నాను. నా కొడుకు జ్వరంతోనే పోయాడు దులారీ."

దులారి ఆమె వైపు తిరిగింది. జాలిపడిందో లేదో తెలియదు గానీ, మూట తీసి కింద పెట్టి బల్ల మీద చోటిచ్చింది. "పేరేంటి?" అని అడిగింది.

వకుళ నోరు తెరిచింది. పేరు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. "నీ కూతురి పేరు?" అంది బదులుగా.

"చంపా."

*

"ఇంతే కదా!" అన్నాడు డైరెక్టరు హేమచంద్ర సంగతంతా విని. "మనిషిని మార్చేద్దాం. పిల్లలు పోనివాణ్ణి, గుండె గట్టివాణ్ణి తెచ్చి చదివిద్దాం. దానికి సంతకం ఆపడమెందుకు?"

"వాడు ఇంకేదో తిప్పేస్తాడు సార్. అప్పులు పడ్డవాడు అప్పుల పేజీ తిప్పుతాడు. తండ్రి చేత దెబ్బలు తిన్నవాడు ఆ పేజీ తిప్పుతాడు. వాడొక్కడూ తిప్పుకుంటే పరవాలేదు, వాడి ఇంటి సంగతి. మనం ఆ తిప్పడాన్ని వెయ్యిమంది మేనేజర్ల చేతిలో పెడుతున్నాం. అందరూ ఒకేచోట చెవిటివాళ్ళయితే ఆ మాట చెప్పుకోవాల్సినవాళ్ళు ఎక్కడికి పోతారు?"

"పుస్తకాలు చదవమని మేనేజర్లకు చెబితే చదువుతారా వకుళగారూ? మీరు మరీను. వాళ్ళకు తీరిక ఎక్కడిది?"

"చదవకపోతే పోనీండి. చదవలేదన్న సంగతైనా వాళ్ళకు తెలిసి ఉంటుంది. తెలియనివాడు అడుగుతాడు."

ఆమె సంతకం పెట్టలేదు. నెల తిరక్కుండా ఆమెను ప్రయోగశాలలో పాత పరికరాలు తుడిచే విభాగానికి మార్చారు. అట్ట మీద అచ్చు వేయించిన ఖర్చు గురించి హేమచంద్ర అందరికీ చెప్పుకున్నాడు. ఏళ్ళ తరబడి కన్న కలను అలా మూలన పెట్టి రావడం తేలిక కాదు. కొన్నాళ్ళు వకుళకు అన్నం సయించలేదు.

సన్యాసిరావుకు ఎక్కించిన చదువును దించడానికి మార్గం లేదు. కొత్త చదువు దాని మీద పడాల్సిందే. సంగతంతా వకుళే వెళ్ళి మిగతా ముగ్గురికీ చెప్పి, అతనికీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అతని చేయి లేస్తూనే ఉంది. చివరికి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, "ఇప్పుడు చెప్పండమ్మా" అన్నాడు. చెప్పింది. ఆ పెద్దమనిషి బల్ల మీద తలవాల్చి ఏడ్చాడు. ఈసారి కళ్ళజోడు నెట్టుకోలేదు. బావురుమన్నాడు, తన ఏడుపే ఏడ్చాడు.

ఆసుపత్రికి వెళ్ళి చంపా పేరు చంపానే అడిగి తెలుసుకున్నాడు. దులారి రైలెక్కడం పండగదాకా వాయిదా వేసింది, ఆ తర్వాత సంగతి తర్వాత అంది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలప్పుడు సన్యాసిరావు ఆ లావు నవలను తనే, కూడబలుక్కుంటూ, షెడ్డు అరుగు మీద కూర్చుని చదువుతున్నాడు. పేజీ తిప్పబోయే ప్రతిసారీ నూకరత్నం అతని చేతి మీద ఒక్కటి వేస్తుంది. "ఒక్కటే తిప్పు మేనేజరూ, రెండు తిప్పేవంటే ఒప్పుకోను."

"దులారీ, పెళ్ళికూతురిని బుట్టలో కూకోబెట్టి మోస్తారని రాసేడు. నిజవేనా?"

"ఏమో సార్. నేను బస్సులో వెళ్ళాను," అంది దులారి. అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా సన్యాసిరావే నవ్వాడు.

*

ఆ ఆదివారం పొద్దున్న కామేశం బాల్కనీలోకి వచ్చేసరికి వకుళ ముందే కూర్చుని ఉంది. ఒళ్ళో నవల. అట్ట వడలిపోయి ఉన్న ఆ పుస్తకంలో ఒకచోట మాత్రం పేజీలు కొత్తవాటిలా తెల్లగా ఉన్నాయి. అక్కడే తెరిచి పెట్టింది.

"అక్కడ కథేం లేదులే," అన్నాడు కామేశం. నిలబడే ఉన్నాడు.

"ఉందో లేదో నేను చదువుతాను. మీరు కూర్చోండి."

"వకుళా, వద్దు."

"ఇన్నాళ్ళూ మీరు చదివారు, నేను విన్నాను. ఇవాళ మీరు వినండి."

అతను కూర్చోగానే ఆమె చదవడం మొదలుపెట్టింది. పైకి చదవడం ఆమెకు అలవాటు లేదు, తడబడింది. కథలో పిల్లకు జ్వరం వచ్చింది. తండ్రి వాగు దాటి వైద్యుడి కోసం పరిగెత్తాడు. వాగు పొంగింది. కామేశం చేయి బొటనవేలుతో సహా లేచింది. వకుళ తన చేత్తో దాన్ని అందుకుని పుస్తకం మీద అదిమి పట్టింది, చదువుతూనే ఉంది. పిల్ల పోయింది. ఊరు ఊరంతా వచ్చి కాసేపు నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయింది. మర్నాడూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతా మాట్లాడలేదు. ఆ తల్లి గుమ్మంలో అలాగే కూర్చుని ఉంది. అప్పుడు పక్కగుడిసె ముసలామె వచ్చి, ఓదార్పుగా ఒక్క మాటైనా చెప్పకుండా, ఆ తల్లి పక్కన చతికిలబడి పిల్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. మీ పిల్ల నా పెరట్లో జామకాయలు దొంగిలించేదే, పట్టుకుంటే కరిచేసేదే, ఇదిగో చూడు గాటు, అంది. ఆ తల్లి గాటును చూసి నవ్వింది. నవ్వి, అప్పుడు ఏడ్చింది.

వకుళ అక్కడ చదవడం ఆపింది. కింద వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోతున్నాడు.

కామేశం కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"శ్రీవత్సకు," అన్నాడు. ఆ పేరు పలకడం మర్చిపోలేదని తనే ఆశ్చర్యపోయినట్టు మళ్ళీ అన్నాడు. "శ్రీవత్సకు నేను చదువుతుంటే పేజీ తను తిప్పాలని మహా సరదా. నీకు తెలియదు, నువ్వు ల్యాబ్‌లో ఉండేదానివి. పొడివేలితో పేజీ తిరిగేది కాదు వాడికి. నా చేయి లాక్కుని, నా బొటనవేలు తన నాలిక మీద పెట్టుకునేవాడు."

వకుళ అతని చేతిని ఇంకా పుస్తకం మీద పట్టుకునే ఉంది. పెళ్ళయిన కొత్తలో మానమని పోరి, చివరికి ఊరుకున్న ఆ బొటనవేలిని చూసింది.

"ఇంకా చెప్పండి," అంది.